లేని రెండు మచ్చలు

మనం వదిలిన చోట ఉమామహేశ్వర్ నాచారంలోని తన ఇంటి ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. మోగుతున్న టెలిఫోను తీగను గోడలోంచి పీకి, దాని కొసను చేత్తో పట్టుకుని ఉన్నాడు. వంటింట్లోంచి భార్య తారామణి "ఎవరు?" అని అడిగితే "రాంగ్ నంబర్" అన్నాడు.

రాంగ్ నంబర్ కాదని అతనికి తెలుసు. వారం పైగా అదే నంబరు వస్తోంది. అది దవాఖానా నంబరు. మొదట్లో మోగాక భయపడేవాడు. తర్వాత మోగకముందే భయపడడం నేర్చుకున్నాడు. ఇప్పుడు తీగ పీకేశాక, ఇక మోగదు కదా అని కూడా భయం వేస్తోంది.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ల కోసం జరిగింది ఒకసారి చెప్పుకోవాలి. అతని కోసం కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అతను దాన్ని వరసగా తలుచుకోవడం మానేశాడు.

హబ్సిగూడలోని భూగర్భ పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన ఉమామహేశ్వర్‌కు ప్రొస్టేట్ గ్రంథిలో కాన్సర్ ఉందని ఈ వానాకాలం మొదట్లో తేలింది. అది ఎముకలకు పాకిందో లేదో చూడడానికి నరంలోకి మందు ఎక్కించి, ఒంట్లోని ఎముకలన్నిటికీ బొమ్మ తీశారు. దానితో కలిపి చూడవలసిన రెండో బొమ్మ, సీటీ, ఆ రోజు మిషన్ చెడిపోయి తీయలేదు. రెండూ ఒకదానిమీద ఒకటి వేసి చూస్తేగాని ఏమీ చెప్పలేమని, మళ్లీ రమ్మని, ఎముకల ఫిల్ము మాత్రం చేతికిచ్చి పంపారు. మర్నాడు బంద్. బంద్ అయిపోయాక కూడా అతను వెళ్లలేదు. ఆ ఫిల్మును ఇంటి కిటికీ అద్దానికి ఆనించి తానే చదివేశాడు.

జీవితమంతా అతను చేసిన పని అదే. నేలలోకి కరెంటు పంపి, వచ్చిన అంకెలతో లోపలి రాళ్లకు బొమ్మ గీయడం. చుట్టూ ఉన్న నేలకంటే వేరుగా ఉన్న చోటును వెతకడం. నీళ్లయినా, పగులైనా, ఖనిజమైనా అక్కడే ఉంటుంది. కాన్సర్ పాకిన ఎముక మందును ఎక్కువ తీసుకుంటుందని, అక్కడ నల్లటి మచ్చలుంటాయని డాక్టర్ ముందే చెప్పాడు. ఉమామహేశ్వర్ పుర్రె నుంచి తొడ ఎముకల దాకా వెతికాడు. ఒక్క మచ్చ లేదు. ఎముకలన్నీ ఒకే నలుపులో, పుస్తకంలో అచ్చువేసినంత స్పష్టంగా ఉన్నాయి. ఇంత శుభ్రమైన బొమ్మ తన సర్వీసులో చూడలేదనుకున్నాడు.

ఒక్క కన్నును నమ్మకూడదని వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. అవే అంకెలతో ఇద్దరు, వేరువేరు గదుల్లో కూర్చుని, ఒకరి కాగితం ఒకరు చూడకుండా బొమ్మ గీయాలి. తర్వాత ఆ రెండు కాగితాలనూ అడుగున ట్యూబులైటు వెలిగే గాజుబల్ల మీద ఒకదానిమీద ఒకటి పరిచేవారు. గీతలు కలిస్తే మ్యాపు బయటికి వెళ్లేది. కలవకపోతే మూడోమనిషిని పిలిచేవారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఉమామహేశ్వర్‌కు జంట త్రిమూర్తులు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు, ఇప్పుడు నాలుగిళ్ల అవతల ఉంటాడు. ఉమామహేశ్వర్ ఫిల్మును అతని దగ్గరికి తీసుకెళ్లాడు. ఫిల్మును తాను చదివిన తీరు మీద ఎంత నమ్మకమంటే, వెళ్లేటప్పుడే ఉప్పల్ చౌరస్తాలో కొన్న మిఠాయి పొట్లం కూడా చేతిలో ఉంది. త్రిమూర్తులు ఫిల్మును ఒక పూట ఉంచుకుని, పద్ధతి ప్రకారం చీటీ మీద రాసిచ్చాడు. మచ్చలు లేవు, అని.

గీతలు కలిశాయి. ఇక రెండో బొమ్మ ఎందుకు?

నడుం నొప్పిని అతను ఈ లెక్కలోకి తీసుకోలేదు. నొప్పి ఫిల్ము మీద లేదు కదా.

*

తీగ పీకిన మర్నాడు పొద్దున్నే వాన వెలిశాక అతను మామూలుగా నడకకు వెళ్లొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పేపరు విప్పాడు. గేటు చప్పుడైంది. త్రిమూర్తులు. ఒక చంకలో గోధుమరంగు పెద్ద కవరు, రెండో చేతిలో ఒక తోలు చెప్పు. చచ్చిన ఎలకను తోక పట్టుకుని తెచ్చినట్టు దాన్ని పట్టీ పట్టుకుని తెచ్చాడు.

"అమ్మా తారామణీ, ఇది మీవాడిదేనా?"

తారామణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అయ్యో, ఈయనదే అన్నా. ఏడ దొరికింది?"

"మా గేటు పక్కన, మురిక్కాలవ బండ దగ్గర. కుక్క పననుకున్నా. కుక్కయితే నాలుగు పళ్లయినా దించి వదిలేది కదా."

ఆమె నవ్వింది. నవ్వుతూనే లోపలికి తిరిగి భర్త కాళ్లకేసి చూసింది. గుమ్మంలో విడవడం మరిచిన చెప్పు ఎడమకాలికి ఉంది. కుడికాలికి లేదు. గేటు నుంచి కుర్చీ దాకా ఆమె పొద్దున తుడిచిన బండల మీద బురద పాదం అచ్చులు, ఒక్క పాదానివే, వరసగా ఉన్నాయి. మడమ అచ్చు పడిన చోటల్లా ఎరుపు.

"నెత్తురు గారుతున్నది మీకు."

ఉమామహేశ్వర్ కాలు ఎత్తి చూసుకున్నాడు. మడమలో గాజుపెంకు దిగి ఉంది. చిన్నది. సీసా ముక్క. దాన్ని చూస్తున్నాడు, అది గుచ్చుకుని ఉంది, కాని గుచ్చుకోవడం లేదు. వేరేవాళ్ల కాలు తన మోకాలికి అతికించినట్టుంది.

"ఏమో, గుచ్చుకున్నట్టుంది," అన్నాడు. అలా అనడం అవసరమనిపించింది. గొంతు మామూలుగానే వచ్చినందుకు లోపల ఎవరో తనను మెచ్చుకున్నట్టయింది.

తారామణి పెంకు తీసి, గుడ్డ చుట్టింది. తీస్తున్నప్పుడు ఆమే "స్" అంది. అతను అనలేదు. అనాలని ఆమె తల వంచుకున్నాక గుర్తొచ్చింది.

"చెల్లెమ్మా, కాస్త టీ ఇస్తావా?" అన్నాడు త్రిమూర్తులు. ఆమె వెళ్లాక స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చెప్పును నేల మీద పెట్టలేదు, ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎప్పట్నించి?"

"ఏంది ఎప్పట్నించి?"

"కాలు."

"పాత చెప్పు, త్రిమూర్తీ. పట్టీ వదులైంది. ఊడిపోయింది."

త్రిమూర్తులు పట్టీలో రెండువేళ్లు దూర్చి లాగాడు. పట్టీ బిగుతుగానే ఉంది. ఇద్దరూ దాన్ని కాసేపు చూశారు.

"మా గేటు నుంచి మీ ఇంటికి నాలుగిళ్లు. వానకి కంకర తేలిన రోడ్డు. ఉత్తి కాలితో నడిచావు. నీకు తెలీలేదు."

"ఏదో ఆలోచనల ఉన్న."

"ఏం ఆలోచన?"

"తెలంగాణ."

త్రిమూర్తులు నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేవాడు. జూలై ఆఖర్న రాష్ట్రం ఇస్తామని ప్రకటన వచ్చినప్పటి నుంచి ఇద్దరికీ అదే ఆట. "ప్రకటన వచ్చిందయ్యా, బిల్లు రాలేదు" అని అతను అనడం, "బిల్లు గూడ వస్తది, నువ్వు సామాన్లు సర్దుకో" అని ఇతను అనడం. సర్దుకోమన్న మాటకు త్రిమూర్తులు నవ్వేవాడు గాని, నవ్విన తర్వాత ఇంటి గోడల్ని ఒకసారి చూసుకునేవాడు. అది ఉమామహేశ్వర్ గమనించాడు. ఎదుటివాడి భయాన్ని గమనించడంలో ఒక సుఖముంది. అంతసేపూ మన భయం మనకు కనబడదు.

"నీ ఫిల్మూ అంతే," అన్నాడు త్రిమూర్తులు. "ప్రకటనొక్కటే వచ్చింది. చీటీ మీద నేనేం రాశాను?"

"మచ్చలు లేవని."

"అబద్ధమా?"

"కాదు. నేను గూడ జూసిన."

"నిజమే. కాని నేను రాయాల్సినవి రెండు వాక్యాలు. ఒక్కటే రాశాను."

వంటింట్లో స్టవ్వు వెలిగిన చప్పుడు. ఉమామహేశ్వర్ పేపరును మడతల ప్రకారం మడిచాడు. మళ్లీ విప్పి ఇంకోరకంగా మడిచాడు. త్రిమూర్తులు కవరులోంచి ఫిల్ము తీశాడు.

"ఇది మా ఆవిడ త్రిపురసుందరిది. రొమ్ములో గడ్డ తీసినప్పుడు ఎముకలు చూశారు కదా. ఏమీ లేదన్నారు. నువ్వూ చూస్తున్నావుగా, పాలవాడి మీద వీధంతా వినబడేలా అరుస్తోంది. కాబట్టి ఇది శుభ్రమైన బొమ్మ. నిజంగా శుభ్రమైన బొమ్మ ఎలా ఉంటుందో నాకు ఇది చూసి తెలుసు. రోజుల తరబడి చూశాను దీన్ని."

"అయితే?"

"శుభ్రమైన బొమ్మలో రెండు మచ్చలుండాలి, మహేశ్వర్."

ఆ మాట గదిలో కాస్త ఆలస్యంగా వినబడింది.

"నడుం దగ్గర, వెన్నుకు అటూ ఇటూ. చిక్కుడు గింజల్లాగా. మూత్రపిండాలు. నరంలోకి ఎక్కించిన మందులో కొంత ఎముకలు తీసుకుంటాయి, మిగిలింది మూత్రపిండాల్లోంచి బయటికి పోతుంది. పోతూ పోతూ బొమ్మలో పడుతుంది. ఎవరికైనా పడుతుంది. నీకు పడలేదు."

ఉమామహేశ్వర్ లేచాడు. లేవడానికి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. అల్మారా మీంచి తన ఫిల్ము తీశాడు. త్రిమూర్తులు చేతిలోంచి రెండోది లాక్కున్నాడు. కిటికీ దగ్గరికి నడిచాడు. తూర్పు కిటికీ. వాన కడిగిన వెలుతురు గాజుబల్లలా పరుచుకుని ఉంది. ముందు తన ఫిల్ము అద్దానికి ఆనించాడు. దాని మీద త్రిపురసుందరి ఫిల్ము పెట్టాడు. ఆమె పొట్టి మనిషి. భుజాలు కలవలేదు. కిందికి జరిపాడు, వెన్నులు ఒకదానిమీదికి ఒకటి వచ్చేదాకా. చేతులు ఈ పనిని మరిచిపోలేదు.

వెన్నులు కలిశాయి. కలవగానే, వెన్నుకు అటూ ఇటూ, రెండు చిక్కుడు గింజలు.

ఒక్క క్షణం అతను బాగున్నాడు. అతని ఎముకల పంజరంలో, ఉండవలసిన చోట, ఉండవలసిన రెండూ ఉన్నాయి. తర్వాత పై ఫిల్మును మెల్లగా పక్కకు లాగాడు. వెన్ను అక్కడే ఉంది. పక్కటెముకలు అక్కడే ఉన్నాయి. గింజలు రెండూ ఆమెతో వెళ్లిపోయాయి.

తన ఫిల్మును తను మళ్లీ చూశాడు. అవే ఎముకలు. అదే స్పష్టత. ఆ స్పష్టతనే నచ్చి మిఠాయి కొన్నాడు. పుర్రె నుంచి తొడల దాకా ఒకే నలుపు. మందు అంతా ఎముకలే తాగేశాయి. మూత్రపిండాలకు చుక్క మిగల్లేదు. అతను వెతికింది చుట్టూ ఉన్న నేలకంటే వేరుగా ఉన్న చోటును. నేలంతా మారిపోతే వేరైన చోటంటూ ఉండదు. అప్పుడు వెతికేవాడికి ఏమీ దొరకదు. ఏమీ లేదని రాసి సంతకం పెడతాడు.

గదిలో చలి లేదు. మెడ వెనక మాత్రం ఎవరో తడిచేయి వేసినట్టయింది. విచిత్రం ఏమిటంటే, ఈ వార్త కొత్తగా లేదు. ఫోను మోగిన ప్రతిసారీ అతను విన్నది ఇదే. తెలియకపోవడానికి ఇన్నాళ్లుగా ఎంత కష్టపడ్డాడో ఇప్పుడు తెలుస్తోంది.

"నువ్వు జూసినవ్," అన్నాడు కిటికీవైపే తిరిగి. "ఆ రోజే జూసినవ్."

"చూశాను."

"జూసి, మచ్చలు లేవని రాసినవ్."

"రాశాను."

"ఎందుకు జెప్పలే?"

త్రిమూర్తులు చెప్పు పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు. "నువ్వు మా గేటు బయట నిలబడ్డావు. చేతిలో మిఠాయి. నేనింకా కవరు కూడా విప్పలేదు. నీ ముఖం చూసేశాను. ముఖం చూశాక ఇక చదవడమేముంది? నీ కాగితం చూసి నేను గీశాను."

"ముఖం జూసి గీత గీసేటోన్ని గాదని డైరెక్టరు మీదికే లేచినవ్ నువ్వు. ఆఫీసంత విన్నది."

"విన్నారు."

"గప్పుడు రాళ్లు. ఇప్పుడు నేను."

"అవును. రాళ్లు మిఠాయి తీసుకురావు కదయ్యా."

ఉమామహేశ్వర్‌కు కోపం వస్తే బాగుండుననిపించింది. కోపం ఉన్నంతసేపు భయం గుమ్మం బయట నిలబడుతుంది. కాని రాలేదు. త్రిమూర్తులు తప్పును మోస్తున్నట్టు ఒంగి కూర్చున్నాడు గాని, ఆ తప్పు సగం తను అతనితో చేయించిందే. అతని చేత రెండో వాక్యం రాయించకుండా ఉండడానికే మిఠాయి తీసుకెళ్లాడా? ఆ ప్రశ్న వచ్చినంత తొందరగా దాన్ని పక్కకు నెట్టేశాడు. నెట్టేసిన సంగతి మాత్రం మిగిలింది.

"టీ," అంది తారామణి.

ఆమె ఎప్పటి నుంచి గుమ్మంలో నిలబడి ఉందో ఇద్దరికీ తెలియదు. ట్రేలో కప్పులు కదలడం లేదు. ట్రేను బల్ల మీద పెట్టింది. గోడ దగ్గరికి వెళ్లి, నేల మీద పడి ఉన్న టెలిఫోను తీగను చూసింది.

"రాంగ్ నంబర్ అని జెప్పిన్రు నాకు."

అతను కిటికీ అద్దం మీంచి ఫిల్మును దించాడు.

"దవాఖానోళ్లేనా?"

"ఆఁ."

ఆమె వంగి తీగను గోడలో గుచ్చింది. ముగ్గురూ ఫోనుకేసి చూశారు. అది మోగలేదు. ఇప్పుడు మోగితే బాగుండునని మొదటిసారి అనిపించింది ఉమామహేశ్వర్‌కు.

"నేను జెయ్య," అంది తారామణి. "అన్న గూడ జెయ్యడు. మీరే జెయ్యున్రి."

*

ఉమామహేశ్వర్ ఫోను చేస్తే వెంటనే రమ్మన్నారు. త్రిమూర్తులు తన పాత మారుతీ నడిపాడు. మెట్రో పనుల కోసం ఉప్పల్ రోడ్డు పొడుగునా రేకులు కట్టి, నడుమ స్తంభాలు లేపారు. పైన ఏమీ లేదు ఇంకా. రేకుల పక్కన మిగిలిన సన్నటి దారిలో బస్సులు, ఆటోలు, నీళ్లు నిండిన గుంతలు. ప్రతి గుంత ముందు త్రిమూర్తులు బండి దాదాపు ఆపేస్తున్నాడు. వెనక హారన్లు.

"జర తొందరగా పోనీ," అన్నాడు ఉమామహేశ్వర్.

"నీ నడుం సంగతి నాకేం తెలుసు? లోపలేముందో నువ్వూ నేనూ చదివాం కదా, ఘనంగా."

వెనకసీట్లో తారామణి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. ఉమామహేశ్వర్ తన కుడికాలును చూసుకుంటూ కూర్చున్నాడు. చూస్తున్నంతసేపు అది తనదే. చూపు తిప్పితే ఎక్కడుందో తెలియడం లేదు. అందుకని తిప్పలేదు.

"ఇంకోసారి నీ ముఖం చూడను," అన్నాడు త్రిమూర్తులు రోడ్డుకేసి చూస్తూ. "ఏదడిగినా చూసిందే చెప్తాను."

*

స్కాన్లు చూసే డాక్టర్ పేరు విజయశ్రీ. నలభై దాటినట్టున్నారు. "మీకెన్నిసార్లు ఫోన్ చేశామో తెలుసాండీ?" అన్నారు. విసుగ్గా అనలేదు. ఆమె గొంతులో విసుగు లేకపోవడమే అతన్ని భయపెట్టింది.

"బంద్‌లు గదా డాక్టర్."

"నడుం నొప్పి ఉందా?"

"కొంచెం."

"కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం, స్పర్శ తగ్గడం, అలాంటివేమైనా?"

"ఏం లేదు," అన్నాడు ఉమామహేశ్వర్.

అన్నది తనేనని వినబడ్డాక తెలిసింది. ఇంటి నుంచి ఇక్కడిదాకా చెప్పడానికే వచ్చాడు. నోరు మాత్రం ఇంకా తీగ పీకిన గదిలోనే ఉంది.

త్రిమూర్తులు వెనక్కి చేయి చాపాడు. తారామణి సంచి అందించింది. అందులోంచి చెప్పు తీసి, డాక్టర్ బల్ల మీద, కంప్యూటరు పక్కన పెట్టాడు. బురద ఎండి రాలింది.

"ఇది దారిలో ఊడిపోయిందండి ఇతనికి. నాలుగిళ్లు నడిచాడు. మడమలో గాజుపెంకు దిగింది. తెలీలేదు."

విజయశ్రీ చెప్పును చూశారు. తర్వాత అతని ముఖం చూశారు. రాయడం ఆపి లేచి, తలుపు తెరిచి, "స్ట్రెచర్" అని పిలిచారు.

పడుకోబెట్టాక అతన్ని కళ్లు మూసుకోమన్నారు. "ఏ వేలు పట్టుకున్నానో చెప్పండి."

అతను చీకట్లో వెతికాడు. తన కాలు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఊహించి చెప్పాలి. ఎవరైనా ముందు ఏది పట్టుకుంటారు?

"బొటనవేలు."



"నేనింకా పట్టుకోలేదండీ," అన్నారామె.

సీటీ తీయడానికి ఎంతోసేపు పట్టలేదు. గుండ్రటి మిషన్ గొంతులోంచి బల్ల ఒకసారి లోపలికి వెళ్లి వచ్చింది. ఊపిరి బిగబట్టమని ఒక గొంతు, వదలమని అదే గొంతు. బిగబట్టమన్నప్పుడు అతను అప్పటికే బిగబట్టి ఉన్నాడు. బయటికి తెచ్చి పక్కగదిలో తెర ముందు స్ట్రెచర్ ఆపారు. తారామణి, త్రిమూర్తులు కాళ్లవైపు నిలబడ్డారు.

"నాకు జూపించున్రి డాక్టర్," అన్నాడు.

"తర్వాత చూద్దురుగాని."

"నేను బతికింది గీ పని మీదనే. ఒకదాని మీద ఒకటి పెట్టి జూసుడు."

ఆమె ఒక క్షణం ఆలోచించి తెరను అతనివైపు తిప్పారు.

ముందు సీటీ వచ్చింది. బూడిదరంగు ఎముకలు, పక్కవాటుగా, పేర్చిన ఇటుకల్లా. "ఆ రోజు కెమెరాతో మీ చుట్టూ తిప్పి తీసిన బొమ్మ మా దగ్గరుంది. ఇప్పుడు దాన్ని దీని మీద వేస్తున్నా," అని ఆమె వేలితో మౌస్ చక్రం తిప్పారు. బూడిదలోంచి రంగు లేచింది. మొదట పల్చగా, తర్వాత నిప్పురంగులో. వెన్నుపూస ఒక్కొక్కటే అంటుకుంది. పక్కటెముకలు అంటుకున్నాయి. రగలని ఎముక కోసం అతని కళ్లు అలవాటుగా వెతికాయి. దొరకలేదు. చూస్తున్నది తనకు బాగా తెలిసిన పద్ధతి, బాగా తెలిసిన బల్ల. పరిచి ఉన్న నేల మాత్రం తనది.

"ఎముకలకు పాకింది," అన్నారు విజయశ్రీ. "దాచను. కాని దానికి మందులున్నాయి. ఇంజెక్షన్లు తీసుకుంటూ ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు నా దగ్గరే ఉన్నారు. ఇవాళ నా భయం అది కాదు."

వేలితో ఒక పూసను చూపించారు. మిగిలినవి ఇటుకల్లా ఉంటే అది కాలితో తొక్కిన పాలకోవా బిళ్లలా అణిగి ఉంది. వెనక అంచు వెనక్కి ఉబ్బింది.

"ఇది. మెత్తబడి కుంగింది. దీని వెనకాలే కాళ్లకు వెళ్లే నరాల తాడు. దాన్ని నొక్కుతోంది. ఎమ్మారై చేసి సర్జన్‌కు చూపించాలి, ఇప్పుడే. మీరు ఇక్కణ్ణుంచి లేవొద్దు. కూర్చోవద్దు. దిండు కూడా వద్దు."

"నడుస్తనా మల్ల?"

"కాలివేళ్లు మీ మాట వింటున్నంతసేపు మనకు టైముంది," అన్నారామె. "అవి పూర్తిగా ఆగిపోతే మాత్రం వెనక్కి తేవడం కష్టం. నేను ఫోన్ చేసి వస్తా. రాగానే కదిపించి చూస్తా."

తలుపు మూసుకుంది. తెర మీద అతని వెన్ను అలాగే మండుతోంది.

పైకప్పులో ఏసీ చప్పుడు. పాదాలు తనకు కనబడవు, తల ఎత్తకూడదు. ఎత్తితే ఆ పూస ఇంకాస్త వెనక్కి జరుగుతుందేమో. తల లోపల ఎక్కడో ఒక చోటు నుంచి కుడికాలి బొటనవేలికి మాట పంపాడు. కదులు. ఏదో జరిగినట్టే ఉంది. జరగాలని కోరుకోవడం, జరగడం రెండూ లోపలి నుంచి ఒకేలా ఉన్నాయి. ఇంతకాలం నేలలోకి కరెంటు పంపి, తిరిగొచ్చే అంకె కోసం కూర్చున్నాడు. ఇప్పుడు పంపాడు. అంకె తిరిగి రావడం లేదు.

వాళ్లిద్దరూ కాళ్లవైపే ఉన్నారు. వాళ్లకు కనిపిస్తుంది. అడిగితే తారామణి ముందు త్రిమూర్తులుకేసి చూస్తుంది. త్రిమూర్తులు తనకేసి చూస్తాడు. ముగ్గురి ముఖాలూ కలిసి ఏదో ఒక జవాబును తయారు చేస్తాయి.

"తారా. త్రిమూర్తీ. బొటనవేలు జూడున్రి, కుడిది," అన్నాడు. "ఒకల ముఖం ఒకలు జూడొద్దు. నా ముఖం అసలే జూడొద్దు. నేను కదుపుత. కదిలిందా లేదా, ఇద్దరు ఒక్కసారే జెప్పాలె."

"ఏం పరీక్షలు గివి ఇప్పుడు," అంది తారామణి.

"జూడున్రి."

అతను కళ్లు మూసుకున్నాడు. ఒంట్లో మిగిలిన బలమంతా పోగుచేసి, వెన్ను మెట్లమీదుగా, ఆ అణిగిన పూసను దాటించి, చీకట్లోకి పంపాడు.

"కదిలింది," అంది తారామణి.

"కదల్లేదు," అన్నాడు త్రిమూర్తులు.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఉమామహేశ్వర్ కళ్లు తెరవలేదు. తెరిస్తే వాళ్ల ముఖాలు కనిపిస్తాయి. గీతలు కలవనప్పుడు మూడోమనిషిని పిలవాలి. తలుపు అవతల, వరండాలో, డాక్టరమ్మ అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.